హనుమేష్ తొట్టిలో అంతరతామర

హనుమేష్‌తో నేను మొదటిసారి మాట్లాడింది దోమల గురించి.

కర్నూలులో మేం అద్దెకున్న ఇల్లు రామసుబ్బమ్మగారిది. ముందు భాగంలో ఆవిడ ఉంటుంది, మేడ మీద మేం. మెట్ల పక్కనుంచి వెనక్కి పోతే ఒక గది, దాన్ని ఆనుకుని వంటకు ఇంత చోటు. హనుమేష్ ఉండేది అక్కడ. ఆ ఇంట్లో చేరి నెలలు గడిచినా ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మెట్ల దగ్గర ఎదురుపడితే పక్కకు తప్పుకుని తల కొంచెం వంచేవాడు, అంతే.

మా వాడు అప్పుడప్పుడే పాకడం నేర్చాడు. వీధి చివర ఎవరికో డెంగీ వచ్చిందని విన్న రోజునుంచి నాకు కుదురు లేదు. నిలవ నీళ్ళు ఎక్కడున్నాయా అని ఇల్లంతా వెతికాను. కూలరు ఎండగట్టాను. పూలకుండీల కింది పళ్ళేలు బోర్లించాను. ఫ్రిజ్ వెనక ట్రే కూడా తుడిచాను. అయినా పొద్దు వాలేసరికి పిల్లవాడి కాళ్ళ మీద ఎర్రటి దద్దుర్లు. ఒకరోజు వెనక కుళాయి దగ్గరికి పోయినప్పుడు, తెరిచి ఉన్న కిటికీలోంచి హనుమేష్ గదిలో గాజుతొట్టి కనిపించింది. దొరికింది అనుకుని పిల్లవాణ్ణి చంకనేసుకుని తలుపు తట్టాను.

గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు తగిలించిన రెండు చొక్కాలు. కిటికీ పక్కన బల్ల మీద ఆ తొట్టి. అంత తేట నీళ్ళు నేను కర్నూలులో చూడలేదు. మా కుళాయిలో వచ్చేవి కూడా అంత తేటగా ఉండవు. గాజుకీ గాజుకీ మధ్య ఏమీ లేదేమో అనిపించేంత తేట. అందువల్లే తోకలాడిస్తూ పైకీ కిందికీ కదులుతున్న దోమపిల్లలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనపడుతున్నాయి. చేపలు లేవు, గులకరాళ్ళు లేవు. నీటి మీద నడుమన ఒకే ఒక్క మొక్క, సగం విచ్చిన చిన్న క్యాబేజీలాంటిది, తేలుతోంది. దాని వేర్లు పలచటి జడలా కిందికి వేలాడుతున్నాయి. అంతరతామర. నేను ఎమ్మెస్సీలో చదివింది వృక్షశాస్త్రమే కాబట్టి దాని పరిస్థితి చూడగానే తెలిసింది. ఆకుల అంచులు పసుపెక్కాయి, బయటి ఆకులు నీళ్ళలోకి వాలిపోయాయి.

"అన్నా, ఇందులో దోమపిల్లలున్నాయి," అన్నాను.

"ఉండాయి మేడమ్. పొద్దున గుడ్డతో వడకట్టినా. మల్ల వచ్చినాయి."

"అయితే నీళ్ళు పారబోయొచ్చు కదా?"

"పారబోస్తే చెట్టు యాడ పెట్టాల?"

"అది ఎలాగూ పోయేట్టుందన్నా. తీసేస్తేనే మేలేమో."

హనుమేష్ మొక్కవైపు చూశాడు, నా చంకలోని పిల్లవాడివైపు చూశాడు. పిల్లవాడు నీళ్ళకోసం చేయి చాపుతుంటే తొట్టిని అరచేత్తో కొంచెం వెనక్కి జరిపాడు.

"తీసేయద్దు మేడమ్," అన్నాడు చివరికి. "దాన్ని చూసేకి మా పాప వస్తాది."

ఆయనకు పాప ఉందని నాకు అప్పుడే తెలిసింది. మిగిలింది రామసుబ్బమ్మగారు చెప్పింది. తర్వాత్తర్వాత ఆయన కూడా కొంచెం కొంచెంగా చెప్పాడు.

హనుమేష్ పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. తండ్రి గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. మగ్గం ఆగిపోయాక కొడుకును కర్నూలులో అద్దాల షాపులో పనికి పెట్టాడు. కిటికీల అద్దాలు, షాపుల ముందరి పెద్ద పలకలు కొలిచి కోసి బిగించే పని. గాజు మీద గీత పడేటప్పుడు ఊపిరి బిగపట్టాలి. గీత మధ్యలో చేయి ఆగితే పలక పాడు. చిన్ననాటినుంచి అదే పనిలో ఉన్నందువల్లనో, మగ్గం గుంటలో రోజంతా ఒక్కడే కూర్చునే తండ్రిని చూసి పెరిగినందువల్లనో, ఆయనకు మాట్లాడే అలవాటు కాలేదు. పెళ్ళయింది మైదుకూరు అమ్మాయితో. పేరు శివలీల. ఆమె అన్నకు అక్కడ బట్టల షాపు. నలుగురూ వచ్చిపోయే షాపులో పెరిగిన మనిషి ఈ ఒంటిగదిలో ఏడెనిమిదేళ్ళు కాపురం చేసింది. కిందటి చలికాలం కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయింది.

పెద్దమనుషుల పంచాయితీ ఆ బట్టల షాపులోనే జరిగింది. చీరలు పరిచే తెల్ల పరుపు మీద నలుగురు పెద్దలు కూర్చున్నారు.

"కొడతాడామ్మా?"

"లేదు మామా."

"తాగుతాడా?"

"వాసన కూడా తెలీదు."

"ఇంగేమిమ్మా నీకు కష్టం?"

"మాట్లాడడు మామా."

పెద్దలు నవ్వారట. శివలీల నవ్వలేదు. "మీకు నవ్వులాటగా ఉండాది. గోడతో కాపురం చేసేదానికంటే మా అన్న గల్లా పెట్టె కాడ కూర్చుంటే మేలు. ఆడ బేరమన్నా ఆడతారు," అంది. అప్పుడు వాళ్ళు హనుమేష్‌ను, "ఏమప్పా, నువ్వు చెప్పు," అన్నారు. ఆయన చెప్పలేదు. ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదని నాతో అన్నాడు.

విడాకుల దాకా పోలేదు. ఒక ఒప్పందం చేశారు. నెలకొక ఆదివారం తండ్రి మైదుకూరు వచ్చి, షాపులో కూర్చుని, కూతుర్ని చూసిపోవచ్చు. సెలవుల్లో పాప కర్నూలు వెళ్ళాలంటే మాత్రం ఎవరూ ఒత్తిడి చేయకూడదు. పాప తన నోటితో తాను అడగాలి. అడిగితే తల్లి పంపుతుంది.

పాప పేరు ఆరాధన, రెండో తరగతి. ఆ మొక్కను తెచ్చింది ఆమే. ఊరు విడిచి పోవడానికి వారం ముందు తండ్రి స్కూటర్ మీద కేసీ కాలువ పక్కగా వస్తూ, "నాన్నా, ఆపు ఆపు, ఆ పువ్వు తేలతాంది చూడు," అంది. హనుమేష్ ప్యాంటు మడిచి దిగి, ఒకటి తీసి ఇచ్చాడు. ఆమె దానికి బుజ్జక్క అని పేరు పెట్టి బక్కెట్లో వేసింది. తల్లితో వెళ్ళేటప్పుడు బక్కెట్ తీసుకుపోతానని ఏడ్చింది. బస్సులో ఎలా కుదురుతుంది? "నేను చూసుకుంటా," అన్నాడు హనుమేష్. అన్నమాట ప్రకారం షాపులో మిగిలిన మందపు గాజు ముక్కలతో తొట్టి చేశాడు. అంచులు చేయి కోసుకోకుండా నున్నగా అరగదీసి, మూలలు అతికించి, గది మొత్తంలో వెలుగు బాగా పడే చోట పెట్టాడు.

రోజూ పొద్దు మునిగాక మైదుకూరుకు ఫోన్ చేసేవాడు. ఆ దోమల గొడవ తర్వాత, ఆ వేళకు నేను మా వాణ్ణి భుజాన వేసుకుని మెట్ల మీద తిప్పడం మొదలుపెట్టాను, కాబట్టి వినకూడదనుకున్నా వినపడేది.

"తిన్నావామ్మా?"

అటు జవాబు.

"బడికి పోయినావా?"

అటు జవాబు. ఆ తర్వాత ఇటూ అటూ ఏమీ ఉండదు. ఫోన్ పెట్టేశాడేమో అనుకునేంతసేపు. అప్పుడు పాప బుజ్జక్క సంగతి అడిగేది కాబోలు, ఆయన గొంతు మారేది. ఈ పొద్దు నడిమికి కొత్త ఆకు వచ్చింది, చిన్నపిల్లోల్ల చెవి మాదిరి ఉండాది. వేరు నా వేలంత పొడవైంది. కిటికీ దిక్కుకు పోయింది, మల్ల నడిమికి తెచ్చినా. అలా చెప్పుకుంటూ పోయేవాడు. అంత మాట్లాడగల మనిషని ఆ ఫోన్లు విన్న నాకు తప్ప ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. తండ్రీకూతుళ్ళ మధ్య ఉన్న మాటలన్నీ ఆ మొక్కవే. అది పోతే ఇక "తిన్నావా, పోయినావా" మిగులుతాయి.

పాపకు ఎవరో చెప్పారు, ఆ మొక్క పక్కనుంచి తీగలాంటి కాడ వేసి పిల్లలు పెడుతుందని. "పిల్ల పెడితే చూసేకి వస్తా నాన్నా," అంది. అప్పటికే మొక్క నీరసిస్తోంది. ఒకరోజు చెప్పడానికి కొత్త సంగతేమీ లేక ఫోన్ చాలాసేపు మూగగా ఉండిపోయింది. "ఫోను అమ్మకిస్తాలే," అంది పాప. హనుమేష్ గబుక్కున, "పిల్ల పెట్టిందమ్మా," అన్నాడు. కొన్నాళ్ళకు, "ఒకటేనా?" అంటే, "రెండు," అన్నాడు. ఆరాధన తల్లి దగ్గరికి పోయి తన నోటితో తాను అడిగింది. ఎండాకాలం సెలవులివ్వగానే రెండు రోజులు పంపుతానని శివలీల ఒప్పుకుంది.

నేను దోమల గొడవతో తలుపు తట్టింది ఆ సమయంలో. సెలవులు దగ్గరికొచ్చాయి. తొట్టిలో పిల్లలు లేవు, తల్లి మొక్క పోయేలా ఉంది.

కాలువనుంచి వేరేది తెచ్చి పెడదామని కూడా ఆయన పోయాడు. కాలువకు నీళ్ళు ఆపేసి చాలా రోజులైంది. అడుగున నెర్రెలిచ్చిన బురద, పాత చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు తప్ప పచ్చటిది ఏమీ లేదు. చేపలమ్మే షాపుకు పోయి అడిగాడు. షాపాయన ఒక ప్లాస్టిక్ చెట్టు తీసి చేతిలో పెట్టాడు.

"ఇది కాదప్పా. నిజంది కావాల," అన్నాడట హనుమేష్.

"నిజంది ఎందుకన్నా? సచ్చిపోతాది. దీన్నయితే సబ్బు పెట్టి కడుక్కోవచ్చు. మీ ఇంట్లో నువ్వు ఉండేంత కాలం ఇదీ ఉంటాది."

ఆ ప్లాస్టిక్ చెట్టును కాసేపు చేతిలో తిప్పి చూసి తిరిగి ఇచ్చేశానని చెప్పాడు.

ఇదంతా తెలిశాక తొట్టి తీసేయమనే మాట నా నోట రాలేదు. దోమలూ పోవాలి, మొక్కా ఉండాలి. మర్నాడు నీళ్ళలో ఏం లోపముందో చూద్దామని మళ్ళీ వెళ్ళాను. హనుమేష్ తొట్టి ముందు నిలబడి, దారానికి కట్టిన తెల్లటి గడ్డ ఒకదాన్ని నీళ్ళలో మెల్లగా గుండ్రంగా తిప్పుతున్నాడు.

"ఏమన్నా అది?"

"పటిక మేడమ్."

"తొట్టిలో ఎందుకు?"

ఆ ప్రశ్న ఆయనకు వింతగా తోచినట్టుంది. "నీళ్ళు తేటగా ఉండల్ల గదా," అన్నాడు. తర్వాత, అడక్కుండానే చెప్పాడు. మగ్గాల ఇళ్ళలో నీళ్ళు మబ్బుగా ఉంటే పని సాగదు. నూలుకు రంగు సరిగా పట్టదు, పడుగుకు పెట్టే గంజిలో మన్ను చేరి పోగులు తెగుతాయి. వానాకాలం ఏటి నీళ్ళు ఎర్రగా వచ్చేవి. వాళ్ళమ్మ సుంకమ్మ కాగులో పటిక తిప్పి, రాత్రంతా కదపకుండా పెట్టి, తెల్లారి కాగులో చేయి పెట్టి చూసేదట. అరచేతి గీతలు కనిపిస్తేనే అవి నీళ్ళు. లేకపోతే ఇంకోసారి పటిక.

"మా అమ్మ పోయేదాకా అంతే మేడమ్. నీళ్ళంటే తేట నీళ్ళే."

"రోజూ తిప్పుతారా?"

"మొదట అప్పుడప్పుడూ తిప్పుతాంటి. చెట్టు వాడిపోబట్టినాక దినామూ. అడుగున తెల్లగా దూదిలాగ దిగుతాది. దాన్ని పైపుతో లాగి పారబోస్తా." తొట్టి అడుగుకు చేయి పెట్టి చూపించాడు. అరచేతి గీతలన్నీ కనిపిస్తున్నాయి. "చూడు, ఇంత శుభ్రంగా పెట్టినా ఎందుకు సస్తాందో తెలీదు."

నాకు కారణం తెలిసింది. ఎలా చెప్పాలో తోచలేదు. నేను కూడా మా వాడి గిన్నెలు మళ్ళీ మళ్ళీ మరిగించే మనిషినే.

"అన్నా, ఈ మొక్కకు మట్టి లేదు కదా. అన్నమంతా నీళ్ళలోనే. చేపల పెంట, కుళ్ళిన ఆకు, కాలువలో కలిసే మురికి, వాటినుంచి దిగేదే దీని తిండి. పటిక తిప్పితే బురదతో పాటు ఆ తిండిలో ముఖ్యమైంది కూడా అడుక్కి దిగిపోతుంది. మీరు దాన్ని తీసి పారబోస్తున్నారు. అందుకే వేర్లు చూడండి, ఎక్కడన్నా ఏమన్నా దొరుకుతుందా అని అంత పొడుగ్గా సాగాయి."

హనుమేష్ దారం చుట్టుకుంటూ ఉన్నాడు. చేయి ఆగింది.

"అంటే నేను కడిగి కడిగి దీన్ని పస్తు పెడతాండానా?"

"తెలిసి చేసింది కాదు కదన్నా."

ఆయన పటికను తీసి కిటికీ మీద పెట్టాడు. నేను పిల్లవాడు లేచాడేమోనని మేడ మీదికి వచ్చేశాను.

ఆ సాయంత్రమే చేపల షాపునుంచి కవర్లో గప్పీ చేపలు తెచ్చాడు. అవి దోమపిల్లల్ని ఇష్టంగా తింటాయని, వాటి పెంట మొక్కకు ఎరువవుతుందని నేను చెప్పి పంపాను. రెండు రోజుల్లో తోకలాడించే పురుగు ఒక్కటి లేదు. నాకు కొంచెం ఊపిరాడింది. కానీ హనుమేష్‌కు అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. నీళ్ళు ముందు తెల్లబారాయి, తర్వాత ఆకుపచ్చగా, తర్వాత పలచటి టీలా అయ్యాయి. గాజు మీద జిగురు పట్టింది. షాపులో రోజంతా అద్దాలు మచ్చ లేకుండా తుడిచే మనిషి, ఇంటికొచ్చి కుర్చీలో ఆ తొట్టి ముందు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. తుడవాలని చేతులు పీకుతున్నట్టు వేళ్ళు ఒకదానితో ఒకటి పెనవేసుకునేవాడు.

రామసుబ్బమ్మగారు ఒకరోజు కిటికీలోంచి చూసి ఊరుకోలేదు.

"ఏమప్పా హనుమేషూ, అద్దాల షాపులో పని చేస్తాండావు. నీ తొట్టి చూస్తే ఎనుములు పొల్లాడిన కుంట మాదిరి ఉండాది."

"ఉండనీ పెద్దమ్మా."

"ఉండనీ అంటావేమి? రేపు పాప వస్తే మా నాయన ఇంట్లో బురద పెంచుతాండాడని ఆ యమ్మకు చెప్పదా? శివలీల నోరు నీకు తెలీనిదా?"

"తెలుసు పెద్దమ్మా."

"తెలుసు పెద్దమ్మా, ఉండనీ పెద్దమ్మా. నాలుగు మాటలు కలిపి మాట్లాడితే నీ సొమ్మేం పోతాది?" అని ఆవిడ లోపలికి పోయింది. పోయి, పాపకు పెట్టమని బనగానపల్లె మామిడికాయలు కాగితంలో చుట్టి పంపింది.

మొక్క లేచింది. నడిమి ఆకులు పచ్చబడ్డాయి, నీళ్ళ మీదికి నిలబడ్డాయి. ఎండలు ముదిరేకొద్దీ దానికి బలమొచ్చింది. పసుపెక్కిన బయటి ఆకుల్ని హనుమేష్ ఒక్కొక్కటిగా గిల్లి తీసేశాడు. కానీ పిల్ల రాలేదు.

"మేడమ్, పిల్ల పెట్టేకి ఎన్ని దినాలు పడుతుంది?"

"చెప్పలేమన్నా. ఒంట్లో సత్తువ చేరాక పెడుతుంది. పాపకు ఇంకా పెట్టలేదని ఫోన్లో చెప్పేయరాదా?"

"చెప్తే రాదు."

"వస్తుందేమో."

"దేనికి వస్తాది మేడమ్?" అన్నాడు. తండ్రి కోసం వస్తుందని అనాల్సింది. అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

పాప వచ్చే ముందురోజు పొద్దున ఆయన మా మెట్లెక్కి వచ్చాడు. అలా రావడం అదే మొదలు. నేను కిందికి దిగి చూశాను. మొక్క పక్క ఆకు కిందనుంచి దారమంత కాడ ఒకటి నీళ్ళ మీదికి వచ్చి, దాని కొసన శనగ గింజంత పచ్చటి మొగ్గ ఉంది. ఒకటే. ఇంకొక వైపు ఎంత వెతికినా లేదు.

ఆరాధనను తీసుకుని శివలీలే వచ్చింది. గేటు దాటింది కానీ వెనక గదికి రాలేదు. రామసుబ్బమ్మగారి వరండాలో కూర్చుని, మైదుకూరు ఎండల గురించి, బస్సులో కూర్చోడానికి చోటివ్వని మనుషుల గురించి గలగలా చెబుతోంది. హనుమేష్ మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె తీసుకుంది.

పాప సరాసరి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. మా వాణ్ణి చూడాలని కూడా అంది కాబట్టి నేను గుమ్మంలో వాణ్ణెత్తుకుని నిలబడ్డాను.

"నీళ్ళు ఇంత గలీజుగా ఉండాయేం నాన్నా?"

"బుజ్జక్క తినేది అదేనమ్మా."

"థూ." ముక్కు మూసుకుని నవ్వింది. "పిల్లలు యాడ?"

హనుమేష్ వేలితో చూపించాడు. ఆమె గాజుకు ముక్కు ఆనించి చూసింది, తర్వాత బల్ల ఎక్కి పైనుంచి చూసింది.

"ఒకటే ఉండాది."

పాప ఆయనవైపు తిరిగింది.

"రెండు అంటివే. శానా దినాలకు ముందే అంటివే. ఇది ఇప్పుడు పుట్టినట్టుండాది."

వరండాలో శివలీల మాటలు వినపడుతున్నాయి. హనుమేష్ మోకాళ్ళ మీద కూర్చుని పాప ముఖానికి ఎదురుగా వచ్చాడు. ఆయన గాజు కోసేటప్పుడు ఎలా ఊపిరి బిగపడతాడో నేనెప్పుడూ చూడలేదు, అలాగే ఉండి ఉంటుంది.

"అబద్ధం చెప్పినానమ్మా."

"ఎందుకు?"

"నువ్వు ఫోను అమ్మకిస్తానంటివి."

పాప ఫ్రాకు అంచు వేలికి చుట్టుకుంది.

"నాన్నతో మాట్లాడు, మాట్లాడు అని అమ్మ ఫోను చేతికిస్తాది నాన్నా. నాకు ఏం మాట్లాడల్లో తెలీదు. అందుకే బుజ్జక్కను అడుగుతా."

"నాకూ తెలీదమ్మా," అన్నాడు హనుమేష్.

ఆ తర్వాత ఇద్దరూ నేల మీద పక్కపక్కన కూర్చుని తొట్టివైపు చూస్తూ ఉండిపోయారు. గప్పీలు వేర్ల మధ్య దూరి ఇటునుంచి అటు పోతున్నాయి. నేను మెల్లగా అక్కణ్ణుంచి వచ్చేశాను. వరండాలో శివలీల, "లోపల్నుంచి సడే లేదు చూడు పెద్దమ్మా. ఇద్దరూ ఇద్దరే. దానికీ ఆ గుణమే వచ్చింది," అంటోంది. ఆ మాటలో కోపం లేదు. తన బ్యాగు తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఉండాల్సిన పాప ఒక్కరోజే ఉంది. దీపాలు పెట్టే వేళకు అమ్మ కావాలని ఏడ్చింది. హనుమేష్ మామిడిపండు కోసి పెట్టాడు, చేపలకు మేత వేయించాడు, స్కూటర్ మీద కొండారెడ్డి బురుజు దాకా తిప్పి తెచ్చాడు. ఆగలేదు. చివరికి ఆయనే మైదుకూరుకు ఫోన్ చేశాడు. మర్నాడు మేనమామ వచ్చాడు.

వెళ్ళేటప్పుడు పాప బుజ్జక్క పిల్లను అడిగింది.

"ఇప్పుడే తెంపితే బతకదమ్మా. దానికి సొంతంగా వేర్లు రావాల. అప్పుడు దానంతట అదే విడిపోతాది."

"అప్పుడు నేను వస్తా."

"రా."

ఆ పూట గది ముందు గచ్చు మీద పాప చెప్పుల జాడ చాలాసేపు ఉంది. తొట్టి చుట్టూ గాజు మీద చిన్న ముక్కు, చిన్న వేళ్ళ ముద్రలు. అద్దాలు తుడిచే ఆ మనిషి వాటిని తుడవలేదు. నాకు ఇప్పుడు కూడా ఆ గదివైపు పోతే ముందు అవే గుర్తొస్తాయి.

తర్వాత రోజుల్లో ఫోన్లో వినపడింది ఒకటే సంగతి. వేరు ఒకటి వచ్చిందమ్మా. వెంట్రుక మాదిరి ఉండాది. ఇంగోటి వచ్చింది. ఆకు విచ్చుకుంది, నీ గోరంత. ఇప్పుడు నీ చెవంత. ఒక్కోరోజు మాటలు అయిపోయి ఇద్దరూ ఊరికే ఉండేవాళ్ళు. కానీ ఫోన్ మాత్రం అమ్మ చేతికి పోలేదు.

ఒకరోజు పొద్దున ఆయన మళ్ళీ మా మెట్లెక్కి వచ్చాడు.

"మేడమ్, విడిపోయింది."

కిందికి పోయి చూశాను. కాడ నడిమికి కుళ్ళి తెగిపోయింది. తల్లి మొక్క ఈ చివర, పిల్ల మొక్క ఆ చివర తేలుతున్నాయి. పిల్ల మొక్క ఆరోగ్యంగా ఉంది, వేర్లు బాగా దిగాయి.

"చెప్పల్నా?" అన్నాడు.

ఆయన ఎందుకు అడుగుతున్నాడో అర్థమైంది. బళ్ళు తెరిచారు. పాప ఇప్పుడు రావడానికి కుదరదు. చెబితే మొక్క మైదుకూరుకు పోతుంది, రావాల్సిన పని తీరిపోతుంది. చెప్పకపోతే దసరా దాకా ఇంకా విడిపోలేదు, ఇంకా విడిపోలేదు అనొచ్చు. నేను మా వాడి మూతి తుడుస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. "మీ ఇష్టమన్నా," అన్నాను.

సాయంత్రం మెట్ల మీద పిల్లవాణ్ణి తిప్పుతుంటే వినపడింది.

"ఆరాధనమ్మా, పిల్ల విడిపోయింది." తర్వాత చాలాసేపు వినడం. "బడి ఉంటాదిలే, తెలుసు... లేదు, ఏడ్సద్దు... సరే. నేనే తెస్తా. ఆదివారం తెస్తా."

ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే, హనుమేష్ వెడల్పు మూతి గాజు సీసాను రెండు చేతులతో పట్టుకుని బయల్దేరాడు. మూతి మీద బిరడా పెట్టలేదు, దోమతెర గుడ్డ ముక్క కట్టాడు. లోపల పిల్ల మొక్క తేలుతోంది. కింద నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

"తొట్టిలో నీళ్ళే పోసినా మేడమ్. మంచినీళ్ళు పోయలేదు."

"మంచి పని చేశారు."

"ఆడ శివలీల చూస్తే, గలీజు నీళ్ళని పారబోసి తేట నీళ్ళు పోస్తాదేమో." సీసావైపు చూసుకున్నాడు. "పాప చిన్నది, చెప్పేకి రాదు. నేనే ఆ యమ్మకు చెప్పల్ల."

"చెప్పండన్నా. నాకు చెప్పినట్టే."

"చెప్పల్ల," అన్నాడు మళ్ళీ.

గేటు దాటి వీధిలోకి నడిచాడు. వెనక గదిలో తల్లి మొక్క ఒక్కటే కిటికీ దిక్కుకు చేరి ఉంటుంది. పిల్లవాణ్ణి ఎత్తుకుని మేడ మీదనుంచి చూస్తున్నాను. హనుమేష్ సీసాను గుండెకు ఆనించుకుని, నీళ్ళు కదలకుండా మెల్లగా అడుగులు వేస్తున్నాడు. వీధిలో ఆయన పక్కన ఎవరూ లేరు. అయినా ఆయన పెదవులు కదులుతున్నాయి. కొంతదూరం పోయి ఆగాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ మొదటినుంచి ఏదో అనుకుంటూ బస్టాండువైపు తిరిగాడు.